బస్‌బార్ నుంచి దిగే సన్న వైరు గురించి

చిన్నా,

నువ్వు పంపిన ప్యానల్ ఫోటోలు రాత్రి పెద్దవి చేసుకుని చూశాను. వైర్ల డ్రెస్సింగ్ నీట్‌గా ఉంది, వైరు నంబర్ల ఫెర్రూళ్లన్నీ ఒకే వైపు చదివేలా పెట్టావు, ముచ్చటేసింది. కానీ 250 ఆంప్స్ ఎంసీసీబీ (పెద్ద బ్రేకర్) తర్వాత బస్‌బార్ (ప్యానల్లో కరెంటు పంచే లోహపు పట్టీ) బోల్టుకి రెండున్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు) వైరు బిగించి, పవర్ కేబుళ్లతో పాటే చానల్లో వేసి, కింద 6 ఆంప్స్ ఎంసీబీకి (చిన్న బ్రేకర్‌కి) ఇచ్చావు చూడు, అది మార్చకుండా ప్యానల్ బయటికి పంపకు.

కింద ఎంసీబీ ఉందిగా మావయ్యా అంటావు. ఉంది, లోడ్ పెరిగితే అది పడిపోతుంది, ఓవర్‌లోడ్ వరకూ ఆ వైరుకి భయం లేదు. కానీ బోల్టుకీ ఎంసీబీకీ మధ్య ఉన్న ఆ మీటరున్నరలో ఎక్కడైనా ఇన్సులేషన్ చిరిగి బాడీకి తగిలిందంటే ఆ కరెంటు ఎంసీబీ దాకా రానే రాదు. ఇక దిక్కు పైనున్న 250 ఆంప్స్‌దే, దాన్ని పెట్టింది లావు కేబుల్ కోసం.

లెక్క నువ్వే వేసి చూడు. 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపిడెన్స్ (కరెంటుకి దాని లోపలి అడ్డు) 4.75 శాతం అనుకుంటే సెకండరీ టెర్మినల్స్ దగ్గర ఫాల్ట్ కరెంటు, అంటే షార్ట్ అయితే పారేది, దాదాపు 14.6 కిలో ఆంప్స్. ఎంసీసీబీ అర సైకిల్లో, అంటే 10 మిల్లీ సెకన్లలో తెంపేసిందనుకున్నా ఐ స్క్వేర్ టీ, అంటే కరెంటు వర్గాన్ని సెకన్లతో గుణిస్తే వచ్చే వేడి లెక్క, 21 లక్షలు దాటుతుంది. వైరు వేడిని ఎంత తట్టుకుంటుందో చెప్పే కే విలువ పీవీసీ రాగి వైరుకి 115, దాన్ని రెండున్నరతో గుణించి వర్గం చేస్తే వచ్చేది 82 వేల చిల్లర, ఆ వైరు తట్టుకునేది అంతే. ఎక్కడ 21 లక్షలు, ఎక్కడ 82 వేలు! అదే లెక్కలో కనీసం 12.7 స్క్వేర్ కావాలి, అంటే 16 వేయాలి. కేబుల్ ఇంపిడెన్స్ వల్ల, ఎంసీసీబీ కరెంట్ లిమిటింగ్ రకం అయితే దానివల్ల కూడా కొంత తగ్గుతుంది, కేటలాగ్‌లో లెట్‌త్రూ కర్వ్ (తెంపేలోపు ఎంత వదులుతుందో చూపే గీత) చూసుకో, కానీ రెండున్నర స్క్వేర్‌కి సరిపోయేంత తగ్గుతుందని చూడకుండా అనుకోకు.

నేను గాజువాక ఆటోనగర్‌లో పనిచేసే రోజుల్లో సముద్రం పక్కనున్న ఒక పంప్‌హౌస్‌కి వెళ్లిన ప్యానల్లో ఇదే జరిగింది. తలుపు మీద మూడు ఫేజులూ ఉన్నాయని చూపే ఆర్‌వైబీ (ఎరుపు, పసుపు, నీలం) ల్యాంపులకి ఒకటిన్నర స్క్వేర్ వైరు నేరుగా బస్‌బార్ నుంచి తీశారు, ఫ్యూజులేమో తలుపు లోపలి వైపు. రోజూ తలుపు తీసి వేసి, కీలు దగ్గర వైరు రాసుకుని రాసుకుని ఒకరోజు రాగి బయటపడింది. నేను వెళ్లి చూసేసరికి తలుపు అంచున రూపాయి బిళ్లంత కరిగిన గుంట, వైరు ఉండాల్సిన చోట మసి గీత. ఫ్యూజులు మూడూ చెక్కుచెదరలేదు. ఆపరేటర్ అప్పుడే పక్కకి జరిగాడట, లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

అందుకే వైరు సన్నబడిన చోటే ఫ్యూజ్ ఉండాలి. బస్‌బార్ పక్కనే హెచ్ఆర్‌సీ (భారీ ఫాల్ట్ కరెంటుని తెంపగల) ఫ్యూజ్ బేస్ పెట్టు, దాని తర్వాత సన్న వైరు నీ ఇష్టం వచ్చినంత దూరం తీసుకుపో. చోటు లేక దూరంగా పెట్టక తప్పకపోతే మెషిన్ల వైరింగ్‌కి ఉన్న అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఈసీ 60204-1 ఒప్పుకునేది ఇంతే: వైరు కెపాసిటీ లోడ్‌కి తగ్గకూడదు, పొడవు 3 మీటర్లు దాటకూడదు, షార్ట్ అయ్యే అవకాశం తగ్గించేలా డక్ట్‌లోనో ఎన్‌క్లోజర్‌లోనో వేయాలి. మూడూ కలిసి ఉండాలి. మనవాళ్లు 3 మీటర్లు ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు! ఆ ముక్కకి 90 డిగ్రీల ఇన్సులేషన్ వైరు వాడు, దాన్ని విడిగా నడుపు, రేకు అంచులకి తగలనివ్వకు.

దువ్వాడ సెజ్ నుంచి అమెరికా వెళ్లే మెషిన్ ప్యానల్ చేతికొస్తే అక్కడ ఎన్‌ఈసీ (వాళ్ల వైరింగ్ కోడ్) లెక్క వేరు, 25 అడుగుల వరకూ ఉండే ట్యాప్‌కి (ఇలా దిగే సన్న వైరుకి) పై బ్రేకర్ రేటింగ్‌లో మూడో వంతు కెపాసిటీ ఉండాలి, అంటే 250కి 83 ఆంప్స్‌కి పైనే.

సైజు చూసేటప్పుడు మన ఎండని మర్చిపోకు. ఆ ఐఈసీ స్టాండర్డ్ టేబుల్ 40 డిగ్రీలకి రాసింది, అందులో డక్ట్‌లో వేసిన రెండున్నర స్క్వేర్‌కి 18.3 ఆంప్స్ ఇచ్చారు. మే నెలలో ప్యానల్ లోపల 55కి చేరితే 0.71తో గుణించాలి, మిగిలేది 13. పైగా మన ఉప్పుగాలి, అందుకని వైరు చివర టిన్ పూత ఉన్న లగ్గులే వాడు, ఒకే బోల్టు కింద మూడు లగ్గులు కుక్కకు.

ఇంకొకటి, మెయిన్ స్విచ్‌కి ముందు నుంచి లోపలి లైటుకి ట్యాపింగ్ తీస్తే దానికి ఆరెంజ్ వైరు వేసి, స్విచ్ ఆపినా ఇందులో కరెంటు ఉంటుందని తెలుగులో బోర్డు పెట్టు.

మార్చాక ఇంకో ఫోటో పంపు, బస్‌బార్ బోల్టు నుంచి ఫ్యూజ్ బేస్ దాకా టేపు పెట్టి తీయి, అంకెలు కనపడాలి.

మీ మావయ్య