‘పుట్’ కనబడితే దాని తోక చూడు

చిరంజీవికి,

నువ్వు పంపిన అనువాద కథ చదివాను. వాక్యం సాఫీగా నడుస్తోంది, మాటల్లో మనుషులు వినబడుతున్నారు. కానీ ఒక్కచోట కథ చేజారిపోయింది. ముసలాయన జబ్బుపడ్డ కుక్కని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. మూలంలో ‘ది వెట్ పుట్ ది డాగ్ డౌన్’ అని ఉంది. నువ్వు ‘డాక్టరు కుక్కను కిందికి దించాడు’ అని రాశావు. మరి తర్వాతి పేరాలో ముసలాయన ఖాళీ గొలుసు పట్టుకుని ఇంటికెందుకు వస్తున్నాడో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? ఇక కోలుకోదనుకున్న జంతువుకి మందిచ్చి, బాధ తెలియకుండా ప్రాణం తీయడాన్ని అక్కడ ‘పుట్ డౌన్’ అంటారు. మనకి వాడుకలో దానికి సరిపోయే ఒక్క క్రియ లేదు. ‘డాక్టరు సూది వేశాడు. కాసేపటికి కుక్క ఊపిరి ఆగింది’ అని రాయి, సరిపోతుంది.

‘పుట్’ అనగానే చెయ్యి ‘పెట్టు’ వైపు పోతుంది. శబ్దం దగ్గర, అర్థమూ దగ్గరే. పక్కన పెట్టడం లాంటి చోట్ల నప్పుతుంది కూడా. అందుకే అది మోసం చేస్తుంది. ‘పుట్ డౌన్’ లాంటి జంటల్లో అర్థాన్ని మలుపు తిప్పేది క్రియ వెనకాల ఉన్న చిన్న మాట, దాని తోక. దానితోపాటు కర్మ ఏమిటో, అంటే ఆ పని దేని మీద జరుగుతోందో కూడా చూడాలి. తిరుగుబాటుని ‘పుట్ డౌన్’ చేస్తే అణచివేయడం, నలుగురిలో మనిషిని చేస్తే చిన్నబుచ్చడం, ఇల్లు కొనేటప్పుడు డబ్బుని చేస్తే ముందుగా కొంత కట్టడం.

‘పుట్ ఆన్’ దగ్గర ఇంకా నిదానించు. ఇంగ్లీషుకి ఒక్కటే మాట, మనకి వస్తువుకొకటి. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, చెప్పులు వేసుకుంటాం, కళ్లజోడు, బొట్టు, పూలు పెట్టుకుంటాం, పౌడరు రాసుకుంటాం. లైటు వేస్తాం, నాటకమూ వేస్తాం. మనిషి ‘వెయిట్’ పుట్ ఆన్ చేస్తే ఒళ్లు చేశాడంటాం. లేని యాసని పుట్ ఆన్ చేస్తే, ఆ యాస తెచ్చిపెట్టుకున్నది. ఇంకో సంగతి. ‘పుట్ ఆన్’ అంటే వేసుకునే పని, ‘వేర్’ అంటే వేసుకుని ఉండటం. ‘కోటు వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు’ అన్నదానికీ ‘కోటు వేసుకుని వచ్చాడు’ అన్నదానికీ మధ్య ఆ మనిషి తొందర ఉంది. అది పోగొట్టకు.

పొరపాటు ఎక్కువగా జరిగేది తోక దూరంగా పడినప్పుడు. ‘పుట్ ఆన్ ది కోట్’ అనీ అనొచ్చు, ‘పుట్ ది కోట్ ఆన్’ అనీ అనొచ్చు. సర్వనామం వస్తే మాత్రం మధ్యలోనే రావాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’ అంటారు, ‘పుట్ ఆఫ్ ఇట్’ అనరు. కాబట్టి ‘పుట్’ కనబడగానే వాక్యం చివరిదాకా వెళ్లి తోక ఉందేమో చూసి రా. ‘పుట్ ది బుక్ ఆన్ ది టేబుల్’లో ‘ఆన్’ తోక కాదు, బల్లకి చెందిన విభక్తి లాంటిది. దాన్ని జరిపి చూడు, జరగదు. ‘పుట్ అప్ విత్’ అసలు విడిపోదు. దానికి ‘భరించు’ ఒకటే రాయకు, సందర్భాన్ని బట్టి ‘సర్దుకుపోవు’, ‘ఓర్చుకొను’ కూడా చూడు.

కాలం విషయంలోనూ జాగ్రత్త. ‘పుట్’కి భూతకాలంలో రూపం మారదు. ‘హీ పుట్’ అని ‘స్’ లేకుండా ఉంటే జరిగిపోయిన పని. ‘దే పుట్ ఇట్ ఆఫ్’ అయితే వాయిదా వేశారో, వేస్తుంటారో చుట్టుపక్కల వాక్యాలే చెప్పాలి.

మూలం ఏనాటిదో కూడా చూసుకో. 1755లో వచ్చిన తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్, పరాయి భాషల వాళ్లని అన్నిటికన్నా కష్టపెట్టేవి ఇలాంటి జంటలేనన్నాడు. అక్కడ ఆయన ‘టేక్ ఆఫ్’కి ఇచ్చిన అర్థం అనుకరించడం, విమానాలు ఇంకా పుట్టలేదు. గుర్రబ్బండ్ల కాలం నాటి కథలో ప్రయాణికుడు సత్రంలో ‘పుట్ అప్’ అయితే బస చేసినట్టు. గుర్రాల్ని ‘పుట్ టు’ చేస్తే బండికి కట్టినట్టు.

ఒక నోటుబుక్కు పెట్టుకో. పేజీలకి ఇంగ్లీషు క్రియల పేర్లు కాకుండా మన క్రియల పేర్లు పెట్టు. ‘పడు’ పేజీలో బయటపడు, వెంటపడు, వెనకబడు, తిరగబడు, ఎగబడు, లోబడు. చూశావా, ముందు చిన్న మాట చేరి అర్థాన్ని మార్చే పద్ధతి మన దగ్గరా ఉంది! రహస్యం బయటపడుతుంది, గండం నుంచి మనిషీ బయటపడతాడు. ఒక్కో మాట కింద ఇలాంటి వాక్యం ఒకటి, ఇంట్లోనో బస్సులోనో విన్నదే రాసుకో. ఇంగ్లీషు జంటని అక్కడే పెన్సిల్‌తో చేర్చు.

కథని మళ్లీ దిద్దేటప్పుడు మొదట మూలంలో ‘పుట్’ ఉన్న ప్రతి చోటా గీత గీసి, తోకకి సున్నా చుట్టు. తర్వాత మూలాన్ని మూసేసి నీ తెలుగుని పైకి చదువు. పెళ్లిభోజనం దగ్గర ‘ఆమె బయట పెట్టబడింది’ అని ఉంది చూడు, అక్కడ నోరు ఆగుతుంది. ‘షి వాజ్ పుట్ అవుట్’ అంటే ఆవిడ నొచ్చుకుంది.

ఆశీస్సులతో.