టెక్ సందేహాలు: పొద్దున పరుగు, మధ్యాహ్నం నత్తనడక

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై పెరుంగుడిలో ఉంటూ యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో గేములు చేయడం నేర్చుకుంటున్నాను. మూడేళ్ల నాటి ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్. పొద్దున బాగానే పనిచేస్తుంది. మధ్యాహ్నానికి సీన్ తిప్పినా ఆగి ఆగి కదులుతుంది, బిల్డ్‌కి, అంటే ప్రాజెక్టును ఆడగలిగే గేముగా మార్చడానికి, రెట్టింపు సమయం పడుతుంది. గదిలో ఏసీ లేదు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో చూపిస్తే ర్యామ్ 32 జీబీ చేయించమన్నారు. చేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. కొలవకుండా పార్టులు మార్చడం నాడి చూడకుండా మందివ్వడమే. చదువుకుంటున్నవాళ్ల డబ్బు అలా పోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

మీ ప్రశ్నలోనే ఆచూకీ ఉంది. ర్యామ్ చాలకపోతే పెద్ద ప్రాజెక్టు తెరిచిన ప్రతిసారీ, పొద్దునైనా రాత్రైనా సతాయిస్తుంది. మీది ఎండెక్కాక మొదలవుతోంది. కాబట్టి నా మొదటి అనుమానం వేడి మీదే.

ప్రాసెసర్ బాగా కాగితే, కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్ని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ హద్దు 95 నుంచి 100 డిగ్రీల సెల్సియస్. బ్రౌజర్ వాడినంతసేపూ ఈ లోపం కనబడదు. షేడర్లు (వస్తువుల రంగు, మెరుపు తేల్చే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేటప్పుడు, లైటింగ్ బేక్ చేసేటప్పుడు (వెలుగునీడలు ముందే లెక్కగట్టేటప్పుడు) ప్రాసెసర్‌లోని అన్ని కోర్లూ ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి, అప్పుడు బయటపడుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, గదిలోని గాలే 38 డిగ్రీలుంటే ఫ్యాన్ ఎంత తిరిగినా దేన్ని చల్లబరుస్తుంది?

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని సెన్సర్ల విండో తెరిచి ఉంచండి. ఒకే ప్రాజెక్టును పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే ఒకసారి, మధ్యాహ్నం రెండు గంటలు పనిచేశాక ఇంకోసారి బిల్డ్ చేయండి. రెండుసార్లూ పట్టిన సమయం, గరిష్ఠ ఉష్ణోగ్రత, క్లాక్ వేగం (ప్రాసెసర్ నడిచే వేగం) కాగితం మీద రాసుకోండి. రెండోసారి ఉష్ణోగ్రత హద్దును తాకి, క్లాక్ పడిపోతే దోషి దొరికినట్టే. లోపల దుమ్ము తీయించి ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి పూసే థర్మల్ పేస్ట్ మార్పించండి. మూడేళ్లకి అది ఎండిపోయి ఉండొచ్చు. వారంటీ ఉంటే మాత్రం ముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి. ఇంట్లోనే గాలి కొట్టి శుభ్రం చేస్తే ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకోండి, లేదంటే బేరింగ్ దెబ్బతింటుంది.

ఉష్ణోగ్రత 60, 70 దగ్గరే ఉన్నా క్లాక్ పడిపోతోందా? అప్పుడు ఛార్జర్ చూడండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన దానికంటే తక్కువ వాట్ల అడాప్టర్ పెడితే చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుంటే బ్యాటరీ వాచిందేమో. అలాగైతే ఇంకేమీ ఆలోచించకుండా వాడకం ఆపేయండి. అది నిప్పంటుకునే వస్తువు.

ర్యామ్ మాట పూర్తిగా కొట్టిపారేయను. పని మధ్యలో టాస్క్ మేనేజర్‌లో మెమరీ 90 శాతం దాటి, డిస్క్ కూడా ఆగకుండా పనిచేస్తుంటే షాపువాళ్లు చెప్పింది నిజమే. అక్కడే ఎన్ని ర్యామ్ స్లాట్లు వాడుకలో ఉన్నాయో కూడా కనిపిస్తుంది. ఉన్నది ఒక్క స్టిక్కే అయితే దానికి జతగా అలాంటిదే ఇంకోటి వేస్తే రెండూ ఒకేసారి పనిచేసే డ్యూయల్ చానల్ లాభం కూడా కలిసొస్తుంది.

చివరగా డిస్క్. యూనిటీ తన లైబ్రరీ ఫోల్డర్‌లో వేలకొద్దీ చిన్న ఫైళ్లు రాస్తుంది, చదువుతుంది. ఎస్‌ఎస్‌డీ నిండిపోయి ఉన్నా, చెడిపోతున్నా ముందు తెలిసేది ఇక్కడే. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో అది పసుపు రంగులో కనిపిస్తే మిగతా పరీక్షలన్నీ పక్కన పెట్టి, అసెట్స్, ప్యాకేజెస్, ప్రాజెక్ట్‌సెట్టింగ్స్ ఫోల్డర్లను ఆ రోజే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. లైబ్రరీ ఫోల్డర్ పోయినా ఫరవాలేదు, యూనిటీ దాన్ని మళ్లీ తయారుచేసుకుంటుంది.