ప్రొటీన్లు తగ్గే మందు కోసం చూస్తూ కూర్చోకండి

ప్రశ్న: నా వయసు 44. పదిహేనేళ్లుగా ఖైనీ, గుట్కా అలవాటు. ఎడమ బుగ్గ లోపల తెల్లమచ్చ వస్తే రెండు నెలల కిందట బయాప్సీ చేశారు. 'మోడరేట్ డిస్‌ప్లేసియా, పీ53, సైక్లిన్ డీ1, కేఐ-67 ఎక్కువ' అని రిపోర్టు వచ్చింది. ఈ ప్రొటీన్లు తగ్గడానికి మందులున్నాయా? కారం తగిలితే మంట. నోట్లో రెండు వేళ్లకు మించి పట్టడం లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన జెల్ రాస్తున్నాను.

సలహా: మీరడిగింది ప్రొటీన్ల గురించి. నాకు కంగారు పుట్టించినవి మాత్రం మీ చివరి మూడు వాక్యాలు.

కణాన్ని విభజన వైపు తోసేది సైక్లిన్ డీ1. డీఎన్ఏ దెబ్బతింటే విభజనను ఆపేది పీ53. దాన్ని తయారుచేసే జన్యువు పాడైతే పనిచేయని పీ53 కణంలో పేరుకుపోతుంది, 'ఎక్కువ' అని వచ్చేది చాలావరకు అందుకే. కేఐ-67 విభజనలో ఉన్న కణాలకు గుర్తు. వీటిని బట్టే క్యాన్సర్ అని తేల్చలేం. డిస్‌ప్లేసియా కూడా ఇంకా క్యాన్సర్ కాదు, అటు మళ్లే అవకాశమున్న మార్పు. సైక్లిన్ డీ1 దారిని అడ్డుకునే పాల్బోసిక్లిబ్ లాంటి మాత్రలు కొన్ని రొమ్ము క్యాన్సర్లకు వాడతాం, నోటి మచ్చకు కాదు. నెట్‌లో చూసి కొనకండి.

మామూలుగా నోట్లో మన మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. మీకు రెండే పడుతున్నాయి, కారం మంట ఉంది, గుట్కాలో వక్క ఉంటుంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అని అనుమానించాల్సిందే. అందులో బుగ్గ లోపల తాళ్లు బిగించినట్టు గట్టిపడుతుంది. పొగాకు లేని వక్కపొడైనా క్యాన్సర్ కారకమే.

ఇక ఆ జెల్. అందులో ఏముందో మీకు తెలియదు, నాకూ తెలియదు. మంట తగ్గినంత మాత్రాన మచ్చ మారినట్టు కాదు. మొన్న ఓపీలో ఒకాయన క్యారీబ్యాగులోంచి నాలుగు ఖాళీ ట్యూబులు తీసి బల్ల మీద పెట్టారు. నాలుగోది అయ్యేసరికి దవడ కింద గడ్డ వచ్చింది. బయాప్సీ రిపోర్టు చేతిలో పెట్టుకుని మీరు రెండు నెలలు ఆగారు. అలా ఆగకూడదండీ.

ఈ వారంలోనే హెడ్ అండ్ నెక్ సర్జన్‌ని గానీ, ఓరల్ సర్జన్‌ని గానీ కలవండి. రిపోర్టుతో పాటు స్లైడ్లు, బయాప్సీ ముక్కను భద్రపరిచిన మైనం బ్లాకులు ల్యాబ్‌లో అడిగి తీసుకెళ్లండి. మచ్చ తీసేయాలా, మళ్లీ బయాప్సీ కావాలా అన్నది నోరు చూసిన డాక్టరే చెప్పాలి, ఉత్తరం చదివి నేను చెప్పకూడదు. మచ్చ గట్టిపడినా, పుండు పడినా, రక్తం వచ్చినా, మెడలో గడ్డ తగిలినా ఆ రోజే వెళ్లండి. ఖైనీ, గుట్కా, వక్కపొడి ఇవాళే ఆపేయండి. మానలేకపోతుంటే ఆ సంగతీ సర్జన్‌కి దాచకుండా చెప్పండి, దానికీ చికిత్స ఉంది.