హార్డ్ లింకుకు విడిగా పరీక్ష లేదు, పేర్లు లెక్కపెట్టాలి

ఒక ఫోల్డరులో ఏవి సింబాలిక్ లింకులో, ఏవి హార్డ్ లింకులో షెల్ స్క్రిప్టుతో ఎలా తేల్చాలని అడిగారు. రెంటికీ ఒకే రకం పరీక్ష సరిపోదు.

సింబాలిక్ లింకు అంటే ఇంకో ఫైలు దారిని చూపించే చిన్న ఫైలు. దాని సంగతి తేలిక. ఇఫ్ షరతులో మైనస్ పెద్ద ఎల్ పెడితే చాలు. కాకపోతే దాన్ని అన్నిటికంటే ముందే పెట్టండి. మైనస్ ఎఫ్, మైనస్ డి, మైనస్ ఇ లింకు వెంబడి వెళ్లి అవతలి ఫైలును చూసి జవాబు చెబుతాయి. అవి ముందుంటే లింకు కాస్తా మామూలు ఫైలుగా చెలామణి అయిపోతుంది. ఎల్ అవునని, ఇ కాదని అంటే అది తెగిన లింకు, అంటే అది చూపించే ఫైలు అక్కడ లేదు.

హార్డ్ లింకు అసలు ఒక ఫైలు రకమే కాదు. ఒకే ఐనోడ్‌కు, అంటే డిస్కులో ఫైలు వివరాలు ఉండే నమోదుకు, ఉన్న ఇంకో పేరు. ఇంట్లో చిన్ని, బడిలో శ్రావణి అన్నట్టు. ఏ పేరు అసలుది అన్న ప్రశ్నే అక్కడ లేదు. అందుకే లినక్స్‌లో స్టాట్ కమాండుకు మైనస్ చిన్న సి ఇచ్చి, పర్సెంట్ చిన్న హెచ్ అడగండి. ఆ ఫైలుకు ఎన్ని పేర్లున్నాయో అది చెబుతుంది. మామూలు ఫైలుకు 1 దాటితే మరో పేరు ఎక్కడో ఉన్నట్టే. ఫోల్డర్లను మాత్రం వదిలేయండి. లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో ఖాళీ ఫోల్డరుకు కూడా 2 వస్తుంది.

అమీర్‌పేటలోని మా చిన్న ఆఫీసులో బ్యాకప్ సర్వరు చూసేది నేనే. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాము రోజుకో ఫోల్డరు చేస్తుంది, మారని ఫైళ్లకు హార్డ్ లింకులు వేస్తుంది. డిస్కు నిండిందని సహోద్యోగి ఒకరు పాత ఫోల్డరు తీసేశారు. ఖాళీ దాదాపు పెరగలేదు. అందులో ఉన్న ఒక పీడీఎఫ్‌ను పక్క ఫోల్డరులో పట్టుకుని స్టాట్ నడిపితే 29 అని వచ్చింది. ఒక పేరు పోయినా మిగతావన్నీ ఆ ఫైలును పట్టుకునే ఉన్నాయి! చివరి పేరు పోతే తప్ప చోటు ఖాళీ కాదు.

ఆ మిగతా పేర్లు కావాలంటే ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండుకు మైనస్ సేమ్‌ఫైల్, ఆ ఫైలు పేరు ఇచ్చి, ఆ ఫైల్‌సిస్టమ్ మౌంటైన చోటు నుంచి వెతికించండి. ఐనోడ్ సంఖ్యలు మీరే పోలుస్తుంటే ఏ డిస్కో చెప్పే డివైస్ సంఖ్యను కూడా పోల్చండి, వేరే డిస్కులో అదే ఐనోడ్ సంఖ్య ఇంకో ఫైలుకు ఉండవచ్చు. బాష్ షెల్‌లో రెండు పేర్లు ఒకే ఫైలువా అని తేల్చే మైనస్ ఈఎఫ్ పరీక్ష ఈ రెండూ చూస్తుంది కానీ, సింబాలిక్ లింకునూ దాని గమ్యాన్నీ ఒకటే అంటుంది. కనుక దానికీ ముందు ఎల్ పరీక్షే ఉండాలి.

స్క్రిప్టు మ్యాక్‌లోనూ నడవాలంటే అక్కడి స్టాట్‌కు మైనస్ ఎఫ్, పర్సెంట్ చిన్న ఎల్ ఇవ్వాలి.