పాఠశాలల సైన్స్ క్విజ్ పోటీకి ప్రశ్నలు ఎలా రాయాలి, రాశాక ఎలా సరిచూసుకోవాలి?

హైస్కూలు విద్యార్థుల సైన్స్ క్విజ్‌కు ప్రశ్నలు తయారుచేసే బాధ్యత తొలిసారి మీ మీద పడిందనీ, ఎలా మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు. చాలా ఏళ్లుగా ఆ పని చేస్తున్న భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడిగా నా అనుభవం చెబుతాను. ప్రశ్న రాయడానికి ఎంత సమయం పడుతుందో, దానికి మనం అనుకోని సరైన జవాబు ఇంకేదైనా ఉందేమో వెతకడానికి అంతకు రెట్టింపు సమయం కేటాయించుకోండి.

మొదటి ఏడాది నేను "హీలియంను కనుగొన్న శాస్త్రవేత్త ఎవరు?" అని ఒక్క వాక్యంలో రాసి, జవాబు దగ్గర లాకియర్ పేరు వేశాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు రామ్సే అని చెబితే క్విజ్ మాస్టర్ తప్పన్నారు. ప్రశ్న పక్క జట్టుకు వెళ్లింది, వాళ్లు జాన్సెన్ అన్నారు, అదీ తప్పే అయింది. పోటీ ముగిశాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, క్లీవైట్ నుంచి తీసింది ఆయనే కదా?" అని నెమ్మదిగా అడిగింది. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని జాన్సెన్ మన గుంటూరు నుంచీ, పాగ్సన్ మచిలీపట్నం నుంచీ పరిశీలించారు. అదే ఏడాది అక్టోబరులో లాకియర్ ఇంగ్లండులో గ్రహణంతో పనిలేకుండానే ఆ జ్వాలల్లో సోడియం గీతలతో కలవని పసుపు గీతను, అంటే హీలియం ఆనవాలును, గమనించారు. భూమి మీద ఆ వాయువును క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి 1895లో వేరుచేసింది రామ్సే. ఇంతమంది పాలుపంచుకున్న ఆవిష్కరణకు ఒకే పేరు జవాబుగా రాయడం పూర్తిగా నా తప్పు. ఆ అమ్మాయి జట్టు ఒక్క ప్రశ్న తేడాతో ఫైనల్‌కు చేరలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మరుసటి ఏడాది అదే విషయాన్ని బజర్ రౌండ్‌కు ఇలా మార్చాను: "ఈ మూలకాన్ని భూమి మీద తొలిసారి 1895లో క్లీవైట్ నుంచి వేరుచేశారు. అంతకు 27 ఏళ్ల ముందే దీని పసుపు గీత సూర్యుడి వర్ణపటంలో కనిపించింది. సూర్యుడికి గ్రీకు భాషలో ఉన్న పేరు మీదుగానే దీన్ని పిలుస్తున్నారు. పరమాణు సంఖ్య 2 గల ఈ వాయువు ఏది?" బాగా చదివినవారు మొదటి వాక్యానికే బజర్ నొక్కుతారు, మిగిలినవారికి చివరి వాక్యం వరకూ అవకాశం ఉంటుంది, జవాబు మాత్రం ఒక్కటే.

ఇందులో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన వాక్యంలో "ఏది", "ఎవరు" అనే మాటలు సాధారణంగా చివరికి వస్తాయి కాబట్టి, అడుగుతున్నది మూలకం గురించో శాస్త్రవేత్త గురించో తెలియకముందే పిల్లలు బజర్ నొక్కి నష్టపోతారు. అందుకే "ఈ మూలకాన్ని", "ఈ శాస్త్రవేత్త" అని మొదటి మాటల్లోనే తేల్చి చెప్పాలి.

ఒకే వేదిక మీద తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల పిల్లలు కూర్చుంటారు కనుక నత్రజని అన్నా నైట్రోజన్ అన్నా, త్వరణం అన్నా యాక్సిలరేషన్ అన్నా ఒప్పుకోవాలని జవాబు పక్కనే రాసిపెట్టండి. బరువు, ద్రవ్యరాశి విషయంలో మాత్రం ఏమాత్రం సడలింపు వద్దు. "60 కిలోల మనిషి చంద్రుడి మీద ఎన్ని కిలోలు ఉంటాడు?" అని మనమే అడిగితే, కిలోల్లో కొలిచే ద్రవ్యరాశి మారదని నేర్చుకున్న పిల్లవాడిని మనమే అయోమయంలో పడేసినవాళ్లమవుతాం.

పాత పుస్తకాల నుంచి తీసుకున్న లెక్కలను పోటీకి వారం ముందు మళ్లీ చూసుకోండి. అత్యధిక ఉపగ్రహాలున్న గ్రహమేదన్న ప్రశ్నకు 2023 ఫిబ్రవరిలో జవాబు గురుడు. ఆ మే నెలకల్లా 145 ఉపగ్రహాలతో శని ముందుకొచ్చింది, 2025 మార్చిలో ఆ సంఖ్య 274కు చేరింది. ఇలాంటి ప్రశ్న అడగక తప్పకపోతే ఏ తేదీ నాటి లెక్కో ప్రశ్నలోనే చెప్పాలి.

చివరగా, జవాబులు దాచి ప్రశ్నలు మాత్రమే ఇద్దరు సహోపాధ్యాయులకు ఇచ్చి జవాబులు రాయించండి. వారిలో ఒకరు సైన్సు చెప్పనివారైతే మరీ మంచిది, ఎందుకంటే అర్థంకాని వాక్యాన్ని వారే ముందు పట్టుకుంటారు. మరొకరి చేత ప్రశ్నలన్నీ పైకి చదివించండి, చదివేవారు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యాన్ని విరిచి రాయండి. ఈ వడపోతలో కొన్ని ప్రశ్నలు పోతాయి కాబట్టి ప్రతి రౌండ్‌కూ నాలుగైదు అదనంగా సిద్ధం చేసుకోండి.