మెడ మీద నలుపు ఎంత రుద్దినా పోవట్లేదు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా బాబుకి తొమ్మిదేళ్లు, ఎత్తు 134 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. మెడ వెనక నల్లగా పట్టేసింది. ప్రతి ఆదివారం సున్నిపిండితో రుద్దుతున్నా పోవట్లేదు, వాడేమో మంటని ఏడుస్తాడు. మా అత్తగారు, పిల్లాడు బొద్దుగా ఉంటేనే ముద్దు, ఎదిగితే అదే తగ్గుతుంది అంటారు. రాత్రి అన్నం మాన్పించనా? థైరాయిడేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ రుద్దడం ఆపండమ్మా, అది మట్టి కాదు. ఒంట్లో కొవ్వు పెరిగి ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, అదలా ఎక్కువైనప్పుడే మెడ మీద, చంకల్లో చర్మం నల్లబడి మందంగా ముఖమల్ గుడ్డలా అవుతుంది. బరువు అదుపులోకి వస్తే మెల్లగా తగ్గుతుంది. మీవాడి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చూసే లెక్క, 25 దాటింది, తొమ్మిదేళ్లకి అది ఊబకాయమే. థైరాయిడ్ లోపమైతే మామూలుగా ఎత్తు కూడా ఆగిపోతుంది, మీవాడు వయసుకి తగ్గ ఎత్తున్నాడు కాబట్టి ఆ అనుమానం తక్కువ. పిల్లల డాక్టరుకి చూపించి షుగరు, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయించండి, బీపీ కూడా చూడమనండి.

అన్నం మాన్పించొద్దు. ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరిగే వయసు, ముందు బరువు ఇక్కడ ఆగితే అదే పెద్ద పని. అసలు చూడాల్సింది స్కూలు నుంచి వచ్చి ట్యూషన్‌కి వెళ్లేలోపు ఏం తింటున్నాడన్నది, ఒక వారం రాసి చూడండి, మీకే తెలుస్తుంది. 200 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 20 గ్రాములు, అంటే ఐదు చెంచాల చక్కెర ఉంటుంది. పాలల్లో కలిపే పొడుల్లో చాలావాటిలో చక్కెర ముందే ఉంటుంది, మనం పైన ఇంకో రెండు చెంచాలు వేస్తాం! ఉడికించిన వేరుశనక్కాయలు, జామకాయ, మజ్జిగ ఇవ్వండి. వాళ్ల నాన్న మిర్చి బజ్జీల పొట్లం తెచ్చుకుని వాణ్ణి మాత్రం వద్దంటే కుదరదు, మానితే ఇంటిల్లిపాదీ మానాలి.

రోజూ గంటసేపు చెమట పట్టేలా ఆడాలి, మన ఎండలకి సాయంత్రం ఐదున్నర తర్వాతే పంపండి. ఫోన్ చూపిస్తూ ముద్దలు పెట్టడం ఆపి, వాడి చేత్తో వాణ్ణి తిననివ్వండి.

డాక్టరు దగ్గరికి అత్తగారిని కూడా తీసుకెళ్లండి, ఆ మెడ సంగతి ఆవిడ ముందే చెప్పించండి. ఆవిడకి షుగర్ ఉంటే అది కూడా డాక్టరుకి చెప్పాలి.