పీహెచ్‌డీకి ముందు పాతిక పేజీలు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. ఆనర్స్ అయిదో సెమిస్టర్ చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. నాలుగో ఏడు కూడా పూర్తి చేస్తే ఎం.ఏ. లేకుండానే పీహెచ్‌డీలో చేరవచ్చని మా సీనియర్లు అంటున్నారు. మా చరిత్ర మేడమ్‌గారిని దారి చూపించమని అడిగితే, ‘ఏం తెలుసుకోవాలనుకుంటున్నావో రాసుకుని రామ్మా’ అన్నారు. ‘బ్రిటిష్ పాలనలో తెలుగు స్త్రీల విద్య’ అని రాసి, కింద అరపేజీ వివరణతో ఇచ్చాను. చదివి, మళ్ళీ రాయమని తిరిగి ఇచ్చేశారు. ఆవిడకు నామీద ఆసక్తి లేదనుకోవాలా?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: అనుకోనక్కరలేదు. ఆసక్తి లేనివారు కాగితం పూర్తిగా చదవకుండానే ‘బాగుంది, కానివ్వు’ అని పంపించేస్తారు. మళ్ళీ రాయమనడమంటే మీకోసం ఇంకొకసారి చదవడానికి ఆవిడ సిద్ధపడ్డారన్నమాట.

ముందు నిబంధనల సంగతి చెప్పుకుందాం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, నాలుగేళ్ళ డిగ్రీని మొత్తం మీద 75 శాతం మార్కులతో పూర్తి చేసినవారు ఎం.ఏ. లేకుండానే ప్రవేశానికి అర్హులు. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌లోకి రాని ఓబీసీ, దివ్యాంగ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలవారికి 5 శాతం సడలింపు ఇవ్వవచ్చు. మీ సీనియర్లు చెప్పని విషయం ఇంకొకటి ఉంది. నాలుగో ఏట ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ తీసుకుని 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయాలంటే, మొదటి ఆరు సెమిస్టర్లకు కలిపి 75 శాతం ఉండాలి. మీరు అయిదో సెమిస్టర్‌లో ఉన్నారు కనుక ఆ లెక్క ఈరోజే వేసుకోండి. 2024 నుంచి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరును పీహెచ్‌డీ ప్రవేశానికీ పరిగణిస్తున్నారు, నాలుగేళ్ళ డిగ్రీ చివరి ఏడాదివారికి కూడా ఆ పరీక్ష రాసే అవకాశం ఇచ్చారు. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళూ నెలకు 37,000 రూపాయలు అందుతాయి కాబట్టి, ఇంట్లోవాళ్ళకు మీ చదువు భారం కాదు.

ఇక మీ అరపేజీ సంగతి. ‘బ్రిటిష్ పాలనలో తెలుగు స్త్రీల విద్య’ అన్నది ఒక జీవితకాలం పని చేసినా తరగని విషయం. దానికి సమాధానం ఏ బీరువాలో వెతకాలో మీకూ తెలియదు, మీ మేడమ్‌గారికీ తెలియదు. దాన్ని ఇలా మార్చి చూడండి: 1902లో ఏలూరులో మొదలైన ‘హిందూసుందరి’ పత్రికకు వ్యాసాలు పంపిన స్త్రీలు ఏ ఊళ్ళవారు, తమ పేరు పక్కన తండ్రి పేరు రాసుకున్నారా, భర్త పేరా, అసలు ఎవరి పేరూ రాసుకోలేదా? మొదటి పది సంచికలు దొరికినా ఈ ప్రశ్నతో పని మొదలవుతుంది, దొరకకపోతే ఏ పత్రికకు మారాలో కూడా తెలుస్తుంది. తెనాలి నుంచి చీరాల వైపు రైలెక్కితే వేటపాలెం ఎంతో దూరం కాదు. అక్కడ 1918లో స్థాపించిన సారస్వత నికేతనం పాత పత్రికల సంపుటాలకు పేరు మోసిన గ్రంథాలయం. ఏయే సంపుటాలు ఉన్నాయో ముందుగా ఉత్తరం రాసి కనుక్కుని వెళ్ళండి. పెన్ను బదులు పెన్సిల్ తీసుకెళ్ళండి. పెళుసుబారిన కాగితాన్ని తడి వేలితో తిప్పకండి.

గురువు ఎందుకు అవసరమో ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. పాత తెలుగు పత్రికల్లో, పుస్తకాల్లో చాలాచోట్ల తేదీకి బదులు తెలుగు సంవత్సరం, మాసం ఉంటాయి. ‘శుభకృత్ సంవత్సర మాఘమాసము’ అని కనిపిస్తే, పంచాంగం పట్టికలో శుభకృత్ ఎదురుగా 1902 అని చూసి విద్యార్థి అదే రాసేస్తాడు. కానీ శుభకృత్ 1902 ఉగాదికి మొదలై 1903 ఉగాది ముందురోజుతో ముగుస్తుంది కాబట్టి, ఆ మాఘం పడింది 1903లో. వ్యాసం మొత్తానికి ఒక్క అంకె తప్పు, కానీ ఎవరు ముందు రాశారు, ఎవరు జవాబు చెప్పారు అన్న వాదన దానితో తలకిందులవుతుంది. ఇలాంటి తప్పును ఎర్రసిరాతో చుట్టేవారు పక్కన ఉంటే, ఆ అలవాటు డిగ్రీలోనే పడుతుంది. పీహెచ్‌డీలో చేరాక గైడ్ దిద్దుతారులే అనుకుంటే పొరపాటు. నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిదిమంది దాకా పరిశోధకులు ఉండవచ్చు, మీ ఫుట్‌నోట్లు చూడడానికి ఆయనకు తీరిక చిక్కకపోవచ్చు.

మీ మేడమ్‌గారు రేపు మీకు గైడ్ కాకపోవచ్చు. ఆ హోదాకు పీహెచ్‌డీ, ప్రచురణలు, విశ్వవిద్యాలయం గుర్తింపు వంటి షరతులున్నాయి. కాని ఇప్పుడు మీకు కావలసినది సంతకం కాదు గదా. పదిహేను రోజులకొకసారి రెండు పేజీలు రాసి ఇస్తానని ఆవిడకు చెప్పండి. చెప్పిన రోజుకు ఇవ్వండి. ఏడాది తిరిగేసరికి పాతిక పేజీలు మిగిలినా చాలు. ప్రవేశపు ఇంటర్వ్యూలో ‘ఏం పని చేశారు’ అని అడిగితే చూపించడానికి అవే ఉంటాయి, సిఫారసు లేఖలో ఆవిడ రాయడానికి కూడా అవే ఉంటాయి.

డిగ్రీ కాగానే నేరుగా చేరాలా అని అడిగితే, అర్హత ఉన్నా మీ విషయంలో ఎం.ఏ. చేయమనే నా సలహా. ఈ రంగంలో చదవవలసిన వ్యాసాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఆ చదువు చేతికి రావడానికి రెండేళ్ళు పడుతుంది, అది సిగ్గుపడవలసిన సంగతి కాదు. పీహెచ్‌డీ గడువు సాధారణంగా ఆరేళ్ళు. అందులోంచి రెండేళ్ళు భాషకు ఖర్చు పెట్టడం కన్నా ఎం.ఏ.లో పెట్టడం నయం.

ప్రశ్న: మేము చాలా ఏళ్ళుగా డల్లాస్‌లో ఉంటున్నాం. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి కాలేజీలో రెండో ఏడు, సాహిత్యం చదువుతోంది. వాళ్ళ ప్రొఫెసర్‌గారు మెల్లన్ మేస్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయమన్నారట. ఇప్పటినుంచే పీహెచ్‌డీ అని కట్టుబడితే బయటపడే దారి ఉంటుందా?
– ఒక తల్లి

జవాబు: మెల్లన్ ఫౌండేషన్ 1988లో ప్రారంభించిన పథకం అది. విశ్వవిద్యాలయ అధ్యాపకులలో తక్కువ సంఖ్యలో ఉన్న వర్గాలవారిని పెంచాలన్నది దాని ఉద్దేశం. అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలకు 1940 నుంచి 1967 వరకు అధ్యక్షుడిగా ఉన్న బెంజమిన్ మేస్ పేరు దానికి తరువాత చేర్చారు. మార్టిన్ లూథర్ కింగ్ ఆయన హయాంలోనే అక్కడ చదువుకున్నారు. సాధారణంగా రెండో ఏట ఎంపిక చేసి, మిగిలిన రెండేళ్ళూ ఒక అధ్యాపకుని దగ్గర పరిశోధన చేయిస్తారు, భృతి ఇస్తారు. పీహెచ్‌డీ చేయాలన్న సంకల్పం ఉన్నవారినే తీసుకుంటారన్నది నిజం. అది జీవితాంతపు బాండు పేపరు మాత్రం కాదు.

మీ భయం ఉద్యోగం గురించి అయితే, అది నిరాధారమని నేను అనను. అమెరికాలో సాహిత్యం, చరిత్ర శాఖల్లో శాశ్వత ఉద్యోగాలు తక్కువే. అయితే పేరున్న విశ్వవిద్యాలయాలు చాలావరకు పీహెచ్‌డీ విద్యార్థికి ఫీజు మాఫీ చేసి, బోధనకు ప్రతిఫలంగా భృతి ఇస్తాయి. కాబట్టి అమ్మాయిని రెండు విషయాలు కనుక్కోమనండి: తరువాత చేరదలచిన శాఖ ఎన్నేళ్ళ భృతికి హామీ ఇస్తుంది, అక్కడ చదివినవారు గత కొన్నేళ్ళలో ఎక్కడెక్కడ చేరారు. రెండో ప్రశ్నకు సూటిగా జవాబివ్వని శాఖను జాబితాలోంచి తీసేయవచ్చు. ఫెలోషిప్‌కు దరఖాస్తు మాత్రం చేయనివ్వండి.